రేపు ఆపరేషన్ అయితే, ఈలోపు మీరు చేయాల్సిన పనులు

పొద్దున్నే వార్డులోకి వెళ్ళి నేను మొదట అడిగేది ఒకటే: "రాత్రి నుంచి ఏమన్నా తిన్నారా?" నాకొచ్చే జవాబూ ఒకటే: "ఏం తినలేదండీ."

ఒకసారి ఆరేళ్ళ బాబుకి హెర్నియా ఆపరేషన్. తల్లి తినలేదంది, తండ్రి తినలేదన్నాడు, కేస్ షీట్లో సిస్టర్ కూడా అదే రాసింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి చొక్కా విప్పుతుంటే జేబులోంచి బిస్కెట్ పొడి రాలింది. మెట్ల దగ్గర కూర్చున్న నాయనమ్మని అడిగితే, "పసివాడు ఏడుస్తుంటే పాలల్లో రెండు బిస్కెట్లు ముంచి పెట్టాను. అది కూడా తిండేనా?" అంది. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిపాం. ఆవిడ నామీద కోపంగానే ఉంది. నేనైతే ఆ బిస్కెట్ పొడికి దణ్ణం పెట్టుకున్నాను.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ చేయించుకునేవాళ్ళకన్నా, వాళ్ళ వెంట వచ్చే మీలాంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొన్ని పనులు వారం ముందు చేయాలి, కొన్ని ముందు రోజు రాత్రి, కొన్ని థియేటర్ తలుపు దగ్గర, కొన్ని బయటికొచ్చాక.

1. టాబ్లెట్ల సంచి తెచ్చుకోండి, జ్ఞాపకం మీద ఆధారపడకండి

"తెల్ల బిళ్ళండీ, చిన్నది, పొద్దున వేసుకుంటుంది" అంటే నాకు ఏమీ తెలియదు. బీపీకి, షుగర్‌కి, థైరాయిడ్‌కి, ఫిట్స్‌కి, ఆయాసానికి వాడేవి ఏవైనా సరే, స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని ఫిట్‌నెస్ చెకప్‌కే పట్టుకురండి. ఆయుర్వేదం, హోమియో, నాటు మందులు, కీళ్ళ నొప్పులకి పొరుగూరి నుంచి తెచ్చుకునే పొడి, జిమ్‌లో ఇచ్చిన డబ్బా కూడా తెండి. వాటిని చూసి ఎవరూ తిట్టరు.

కొన్ని మందుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులను మీ అంతట మీరు ఆపకండి, మీ అంతట మీరు కొనసాగించకండి. గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి "ఆపరేషన్ కదా" అని సొంతంగా మానేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. చెప్పకుండా వేసుకుని వస్తే రక్తం ఆగదు, వెన్నులో సూది వేయడమూ ప్రమాదమే. ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేలుస్తారు. తేల్చింది కాగితం మీద రాయించుకోండి.

షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉంటే తప్పకుండా చెప్పండి. వాటిని మామూలుగా మూడు రోజుల ముందే ఆపిస్తాం. పస్తుతో ఉన్న ఒంట్లో అవి ఉంటే షుగర్ మామూలుగానే కనిపిస్తూ లోపల రక్తం ఆమ్లంగా మారే పరిస్థితి రావచ్చు. బరువు తగ్గడానికని వారానికోసారి పొడిపించుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ గురించి కూడా నోరు విప్పాలి. దానివల్ల తిన్నది పొట్టలోంచి ఆలస్యంగా కిందికి దిగుతుంది. మీరు నియమంగా పస్తున్నా పొట్ట ఖాళీగా ఉండకపోవచ్చు.

బీపీ మాత్రలు చాలావరకు ఆ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటాం. ఒకటి రెండు రకాలు ఆపమంటాం. అడిగి తెలుసుకోండి, వాట్సాప్‌లో వెతక్కండి.

2. మత్తు డాక్టరు అడగని సంగతులు కూడా చెప్పండి

చెకప్‌లో "నోరు తెరవండి, నాలుక బయటపెట్టండి" అంటే నవ్వుతారు. మీ నోట్లో మీ మూడు వేళ్ళు నిలువుగా పడతాయా అన్నది నాకు ముఖ్యం. గుట్కా, ఖైనీ ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకి బుగ్గల లోపల గట్టిపడి నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోదు. అలాంటివాళ్ళకి శ్వాస గొట్టం వేయడానికి వేరే సామాను, వేరే మనిషి సాయం ముందే సిద్ధం చేసుకోవాలి. మత్తిచ్చాక తెలిస్తే ఆలస్యమైనట్టే. ఊగే పళ్ళు, కట్టుడు పళ్ళు, రాత్రి ఇల్లంతా వినబడే గురక, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ చెప్పాలి. గురక సంగతి రోగికి తెలియదు, పక్కన పడుకునేవాళ్ళు చెప్పాలి. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా అంటే "ఎక్కుతారు" అని గొప్పకి చెప్పకండి.

మందు అలవాటు గురించి భార్య పక్కన ఉండగా ఎవరూ నిజం చెప్పరు. అది నాకు తెలుసు కాబట్టి నేను అందరినీ బయటికి పంపి మళ్ళీ అడుగుతాను. మీ డాక్టరు అలా అడక్కపోతే మీరే ఒంటరిగా మాట్లాడండి. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో ఒక్కసారిగా మానేస్తే రెండో రోజో మూడో రోజో చేతులు వణికి, గదిలో లేనివి కనిపించి, సెలైన్ పీకేసి మంచం దిగి పరుగెడతాడు. ముందు తెలిస్తే దానికి మందుంది. బీడీ, సిగరెట్ నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకీ, పుండు మానడానికీ మేలు. అంత సమయం లేకపోయినా ఇవాళే ఆపండి.

ఇంకో ప్రశ్న చాలామంది తేలిగ్గా తీసుకుంటారు: "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?" దాని వెనక పెద్ద కథ ఉంది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను కాసేపు సడలించే మందు ఒకటి వాడతాం. సక్సినైల్‌కోలిన్ దాని పేరు, థియేటర్లో స్కోలిన్ అంటాం. మామూలుగా అయిదు పది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ పనిచేయదు. వాళ్ళలో ఆ మందు గంటల తరబడి పోదు, ఊపిరి కండరాలు కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకుంటే మనిషి క్షేమంగా లేస్తాడు. ఆ ఏర్పాటు లేని చోట జరిగితే మాత్రం గండమే. ఈ లోపం వైశ్య కుటుంబాల్లో మిగతావాళ్ళకన్నా ఎక్కువగా ఉందని, దానికి ఫలానా జన్యుమార్పు కారణమని 2006లో పరిశోధన వెలువడింది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండు వైపులా అందితేనే గట్టిగా బయటపడే లోపం కాబట్టి, మేనరికాలున్న ఇళ్ళలో మరీ జాగ్రత్త కావాలి. అందుకే కొందరు మత్తు డాక్టర్లు మీ ఇంటివాళ్ళ గురించి, సంబంధాల గురించి అడుగుతారు. కులం ఎందుకు అడుగుతున్నారని నొచ్చుకోకండి. "మా బాబాయికి అపెండిక్స్ తీసినప్పుడు సాయంత్రం దాకా మెలకువ రాలేదట" అన్న ఒక్క మాట చాలు, నేను వేరే మందు తీసుకుంటాను.

3. మత్తు ఎవరిస్తారో అడగండి

సర్జన్ పేరు కనుక్కుని, ఊరంతా వాకబు చేసి వస్తారు. మత్తిచ్చేది ఎవరని అడిగేవాళ్ళు వందలో ఒకరు కూడా కనిపించరు. అడగండి. మత్తు డాక్టరు పేరేమిటి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా, పల్స్, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ చూసే మానిటర్‌తోపాటు మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని చూపే మానిటర్ ఉందా, ఏదన్నా తేడా వస్తే ఐసీయూ ఇక్కడే ఉందా, లేక వేరే ఊరు తీసుకెళ్ళాలా? చిన్న ఆసుపత్రైనా సరే, ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పారంటే నాకు సగం నమ్మకం కుదిరినట్టే.

ఊపిరిని కనిపెట్టుకుని కూర్చునే మనిషి గురించిన వాదం మన హైదరాబాద్‌లోనే గట్టిగా నడిచింది. 1888లోనూ 1889లోనూ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకుని, అప్పట్లో మత్తుకి వాడే క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు నడిపించాడు. వాటి వెనక ఉన్నది బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలితరం మహిళల్లో ఒకరైన హైదరాబాద్ డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ కూడా ఆ ప్రయోగాల్లో పాల్గొంది. క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుంది, కాబట్టి నాడి కాదు, ఊపిరి చూడండి అని లారీ తేల్చాడు. గుండె కూడా ఉన్నట్టుండి గతి తప్పగలదని 1911లో లెవీ అనే డాక్టరు ప్రయోగాలు చూపించాయి. లారీ సగం తప్పు. ఆ మిగతా సగం కోసమే మేము ఇవాళ్టికీ రోగి తల దగ్గర కూర్చుంటాం. కరోనా రోజుల్లో మీరు వేలికి తగిలించుకున్న ఆక్సిమీటరే ఇప్పుడు మాకు రెండో కన్ను. దాని వెనకున్న సూత్రాన్ని 1970ల్లో కనిపెట్టింది జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి.

4. సంతకం పెట్టే ముందు

కాగితం నింపి ఉందా చూడండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ రకం మత్తు, ఏమేం ఇబ్బందులు రావచ్చు, చేయకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలుగులో చెప్పించుకోండి. రోగి పెద్దమనిషై, స్పృహలో ఉంటే సంతకం రోగిదే కావాలి. మొగుడిదో కొడుకుదో సరిపోదు. పరీక్ష కోసం ఒప్పుకుని మత్తులో ఉన్న ఆవిడకి, తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి తీసేసిన కేసులో, అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. "లోపల ఇంకేమన్నా కనబడితే అది కూడా తీసేస్తారా, లేక లేపి అడుగుతారా?" అని ముందే తేల్చుకోవడం మీ పని.

5. ముందు రోజు రాత్రి

పస్తు లెక్క ఇది. గట్టి భోజనం, నూనె వంటలు, మాంసం అయితే ఎనిమిది గంటలు. ఇడ్లీ, బ్రెడ్ లాంటి తేలిక తిండి, ఆవు పాలు, గేదె పాలు, డబ్బా పాలు అయితే ఆరు గంటలు. తల్లి పాలు నాలుగు గంటలు. మంచినీళ్ళు రెండు గంటలు. ఇది ముందుగా అనుకుని చేసే ఆపరేషన్ల లెక్క. షుగర్, గర్భం, పొట్ట జబ్బులు ఉన్నవాళ్ళకి మీ డాక్టరు చెప్పినట్టే నడవండి.

మనవాళ్ళు తడబడేది ఇక్కడే. పాలు కలిసిన టీ నీళ్ళ కిందికి రాదు, పాల కిందికి వస్తుంది. రాగిజావ, గంజి, మజ్జిగ, సగ్గుబియ్యం జావ తాగేవే అయినా తిండి కిందే లెక్క. గుడికెళ్ళి వస్తూ ఉద్ధరిణెడు తీర్థం పుచ్చుకుంటే పర్లేదు, దొన్నెలో చక్కెరపొంగలి మాత్రం రోగికి పెట్టకుండా, తోడు వచ్చిన మీరే తినేయండి. నోట్లో కిళ్ళీ, ఖైనీ వద్దు. అలాగని ముందు రోజు రాత్రి ఏడింటి నుంచే పసిపిల్లకి నీళ్ళు కూడా పట్టకుండా ఎండబెట్టకండి. అదీ ప్రమాదమే. పొట్టలో ఏమన్నా ఉంటే మత్తులో ఉన్నప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మెలకువలో అయితే దగ్గు వస్తుంది, కక్కుతాం. మత్తులో ఆ కాపలా నిద్రపోతుంది. పొరపాటున తింటే తిన్నామని చెప్పండి. ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే.

రాత్రీ పొద్దునా సబ్బుతో తలారా స్నానం చేయించండి. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో బ్లేడుతో గొరగకండి. ఇప్పటికీ ఊళ్ళలో మంగలిని పిలిపించి నున్నగా చేయించి పంపుతున్నారు. బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, వాటిలో క్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

నగల సంగతి. కరెంటుతో రక్తనాళాలు మూసే పరికరం, కాటరీ అంటాం, వాడేటప్పుడు ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది. వేళ్ళు వాస్తే ఉంగరం కోయాల్సి వస్తుంది. మట్టెలు, గాజులు, చెవికమ్మలు, మొలతాడుకున్న వెండి బిళ్ళ, అన్నీ ఇంట్లోనే తీయించండి. నలభై ఏళ్ళుగా తీయని ముక్కుపుడకని థియేటర్ గుమ్మం ముందు కొబ్బరినూనె రాసి, దారం చుట్టి తిప్పుతుంటే ఆ పెద్దావిడ పడే బాధ చూడలేం. రెండు రోజుల ముందే కంసాలి దగ్గరికి తీసుకెళ్ళండి. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే ఉత్త పసుపుతాడు మెడలో ఉంచమని అడగండి, ఎవరూ కాదనరు. గోళ్ళరంగు చెరిపేయండి, గోరింటాకు దట్టంగా ఉంటే చెప్పండి. ఆక్సిమీటరు వేలికి కాకుండా చెవి తమ్మెకి పెట్టుకుంటాం.

6. థియేటర్ తలుపు దగ్గర

ఇక్కడ మీ పేరు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. "ఇందాకే చెప్పాను కదా, వీళ్ళకి కేస్ షీట్ చదవడం కూడా రాదా?" అని చిరాకు పడేవాళ్ళున్నారు. అలా అడక్కపోతేనే మీరు కంగారు పడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల సేఫ్టీ చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇవ్వకముందు ఒకసారి, కత్తి పెట్టకముందు ఒకసారి, రోగిని బయటికి పంపకముందు ఒకసారి, అందరూ ఆగి పైకి చెప్పుకోవాలి. మనిషి ఇతనేనా, ఏ వైపు, అలర్జీలేమన్నా ఉన్నాయా, రక్తం సిద్ధంగా ఉందా, కోతకి ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా, లోపల వాడిన గుడ్డలు, సూదులు, కత్తెరలు లెక్క సరిపోయాయా. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో 7,688 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి 2009 జనవరిలో ఫలితాలు ప్రకటించారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, పెద్ద సమస్యలు 11 నుంచి 7కి తగ్గాయి. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు.

మీ పాత్ర ఏమిటంటే, సిస్టర్ "వెంకటలక్ష్మి గారేనా?" అంటే "ఆ" అనకండి. ఒకే వార్డులో ఇద్దరు వెంకటలక్ష్ములు ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. చెవులు సరిగ్గా వినబడని పెద్దవాళ్ళు దేనికైనా తల ఊపుతారు. ఇంటిపేరుతో సహా మీ పేరు మీరే చెప్పండి, ఆపరేషన్ ఏమిటో చెప్పండి, చెయ్యి పెట్టి చూపించి "ఈ కాలు" అనండి. ఎదురుగా నిలబడ్డవాళ్ళ కుడి మీ ఎడమ అవుతుంది. కాలు, కన్ను, కిడ్నీ, హెర్నియా లాంటి, కుడో ఎడమో తేల్చాల్సిన ఆపరేషన్లయితే మీరు మెలకువగా ఉండగానే సర్జన్ స్వయంగా చెరిగిపోని పెన్నుతో గుర్తు పెట్టాలి. గుర్తు లేకుండా స్ట్రెచర్ కదిలితే, "గుర్తు పెట్టలేదండీ" అని తోడు వచ్చినవాళ్ళు అనడంలో తప్పు లేదు. వినయంగా, గట్టిగా అనండి.

7. బయటికొచ్చాక మొదటి కొన్ని గంటలు

"కళ్ళు తెరిచాడు, మాట్లాడాడు" అంటే అయిపోయిందనుకుంటారు. నాకైతే అప్పుడే ఎక్కువ గుబులు. మెలకువ వచ్చినట్టే వచ్చి, నొప్పి మందు పనిచేస్తుండగా మళ్ళీ గాఢంగా నిద్రలోకి జారేవాళ్ళున్నారు. గురక పెడుతుంటే "హాయిగా పడుకున్నాడు" అని దుప్పటి కప్పకండి. గురకంటే గాలిదారి సగం మూసుకుందని అర్థం. భుజం తట్టి పిలవండి. పలక్కపోయినా, పెదాలు నీలంగా కనిపించినా, ఛాతీ సరిగ్గా కదలకపోయినా బెల్ కొట్టి ఊరుకోకండి, మనిషిని పిలుచుకురండి. కట్టు తడిసి ఎర్రబడటం, మనిషి చెమటలు పట్టి తెల్లబోవడం కూడా అంతే. ఒకరు కాపలా ఉంటే చాలు. మంచం చుట్టూ పదిమంది బంధువులు, వాళ్ళ చెప్పులు, వాళ్ళ పళ్ళ సంచులు వద్దు. ఉన్న ఒక్కరూ చేతులు కడుక్కుని ముట్టుకోండి.

వెన్నులో సూది గురించి రెండు మాటలు. జీవితాంతం నడుం నొప్పి వస్తుందన్న భయం అక్కర్లేదు. సూది దిగిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు. దిండు తీసేసి కదలకుండా పడుకోబెడితే తలనొప్పి రాదన్న మాటకి ఆధారం లేదు. కూర్చుంటే వచ్చి, పడుకుంటే తగ్గే తలనొప్పి ఒకటి కొందరికి వస్తుంది. అది వస్తే ఓర్చుకోకుండా చెప్పండి, దానికి వైద్యం ఉంది. మొద్దుబారిన కాళ్ళలో కదలిక చెప్పిన సమయానికి రాకపోతే తప్పకుండా చెప్పాలి.

నీళ్ళు, తిండి వార్డు వాళ్ళు చెప్పాకే. నడవమన్నప్పుడు నడిపించండి. "పచ్చి ఒళ్ళు" అని పది రోజులు మంచం మీదే పడుకోబెడితే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకడుతుంది.

8. ఇంటికి వెళ్ళేటప్పుడు

మత్తు తీసుకున్న 24 గంటలు బండి నడపకూడదు, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, మూత్రం రాకపోవడం ఉంటే అదే రోజు చూపించండి. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే 108కి ఫోన్ చేయండి. కేస్ షీట్ నకలు అడగండి. కావాలని మీరు అర్జీ రాసి ఇచ్చిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది.

చివరగా, డిశ్చార్జి రోజు మత్తు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒక తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాయించుకోండి. ఏ మత్తు ఇచ్చారు, గొట్టం వేయడం కష్టమైందా, పడని మందు ఏది, వాంతులు ఎక్కువయ్యాయా. దాన్ని లామినేషన్ చేయించి, ఇంట్లో ఆధార్ కార్డులు పెట్టుకునే కవర్లో పెట్టండి.